ప్రభుత్వ యాప్‌ల తయారీలో 'అజైల్': ఏ సేవకు ఎలా మలచుకోవాలి? మీకు ఏం తేడా పడుతుంది?

కుల ధ్రువపత్రం కావాలన్నా, పంట నమోదైందో లేదో చూసుకోవాలన్నా, భూమి రికార్డు తీసుకోవాలన్నా ఇప్పుడు ముందుగా చేతిలోకి వచ్చేది ఫోనే. ఆ ఫోన్‌లోని యాప్ తరచూ మారుతుంటుంది. నిన్న కనిపించిన బటన్ ఇవాళ ఉండదు. కొత్త సేవ ఒకటి చేరుతుంది. 'అప్‌డేట్ చేసుకోండి' అంటూ మెసేజ్ వస్తుంది.

ఈ మార్పుల వెనుక ఒక తయారీ పద్ధతి ఉంది. దాని పేరు 'అజైల్'. సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని ఒకేసారి కట్టి అప్పగించకుండా, చిన్న చిన్న భాగాలుగా తయారు చేసి, వాడేవాళ్ల అనుభవాన్ని బట్టి సరిదిద్దుకుంటూ వెళ్లడమే ఇందులోని అసలు సంగతి.

అయితే భోజనం తెచ్చిచ్చే యాప్‌కు సరిపోయిన పద్ధతి, పంట నష్టపరిహారానికి ఆధారమయ్యే యాప్‌కు కూడా ఉన్నదున్నట్టు సరిపోతుందా? మొదటిదాంట్లో తప్పు జరిగితే భోజనం ఆలస్యమవుతుంది. రెండోదాంట్లో తప్పు జరిగితే ఒక రైతు ఆ సీజన్ పరిహారాన్నే కోల్పోవచ్చు.

అందుకే అజైల్‌ను ప్రతి సేవకూ విడిగా కొలతలు తీసి మలచుకోవాలి. అది ఎలాగో నెల్లూరు తీరంలోని కోట మండలాన్ని ఉదాహరణగా తీసుకుని చూద్దాం. ఇక్కడ చెప్పే సేవలన్నీ నిజమైనవే. ఆ సేవల స్వభావాన్ని బట్టి ఎలాంటి పద్ధతి నప్పుతుందన్నదే ఈ కథనం.

అజైల్ అంటే ఏమిటి?

పాత పద్ధతిలో సాఫ్ట్‌వేర్ తయారీ ఇల్లు కట్టడంలా సాగేది. ముందు అవసరాలన్నీ రాసుకోవాలి. తర్వాత డిజైన్, ఆ తర్వాత కోడ్, చివర్లో పరీక్ష. ఒక దశ పూర్తయ్యాకే రెండోది. దీన్ని 'వాటర్‌ఫాల్' పద్ధతి అంటారు. ఇబ్బంది ఎక్కడంటే, వాడేవాళ్లు దాన్ని మొదటిసారి చూసేది అంతా అయిపోయాకే. అప్పటికి వాళ్ల అవసరం మారిపోయి ఉండొచ్చు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి 'అజైల్ మేనిఫెస్టో' రాశారు. అందులో నాలుగు విలువలు, వాటికి తోడు 12 సూత్రాలు ఉన్నాయి. పరికరాల కన్నా మనుషుల మధ్య మాట ముఖ్యమని, పెద్ద పెద్ద పత్రాల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యమని, ఒప్పందంపై బేరసారాల కన్నా వాడేవాళ్లతో కలిసి పనిచేయడం ముఖ్యమని, ముందు వేసుకున్న ప్లాన్‌ను పట్టుకు వేలాడటం కన్నా మార్పుకు తగ్గట్టు నడవడం ముఖ్యమని ఆ నాలుగు విలువల సారాంశం.

అజైల్ అనేది ఒక్క పద్ధతి కాదు. అందులో చాలా రకాలున్నాయి. ఎక్కువగా వినిపించేవి మూడు.

స్క్రమ్: పనిని 'స్ప్రింట్' అనే గడువులుగా విడగొడతారు. ఒక స్ప్రింట్ నెలకు మించకూడదు. చాలా బృందాలు రెండు వారాలు పెట్టుకుంటాయి. ప్రతి స్ప్రింట్ చివర్లో పనిచేసే భాగం ఒకటి చూపించాలి. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది 'ప్రోడక్ట్ ఓనర్' అనే వ్యక్తి తేలుస్తారు.

కాన్‌బాన్: జపాన్‌లోని టయోటా కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆలోచన. పనులన్నీ ఒక బోర్డు మీద కనిపిస్తాయి. ఒకేసారి ఎన్ని పనులు చేతిలో పెట్టుకోవచ్చో పరిమితి ఉంటుంది. స్ప్రింట్ గడువులు తప్పనిసరి కాదు. పని వచ్చింది వచ్చినట్టు కదులుతుంది.

ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్: కోడ్ నాణ్యత మీద దృష్టి పెట్టే పద్ధతి. పరీక్షను ముందే రాసుకోవడం, ఇద్దరు కలిసి ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ రాయడం లాంటివి ఇందులో ఉంటాయి.

పుస్తకంలో ఉన్నట్టే చేస్తే ఎందుకు కుదరదు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. మేనిఫెస్టో రాసినవారిలో ఒకరైన అలిస్టర్ కాక్‌బర్న్ 'క్రిస్టల్' పేరుతో ఒక్క పద్ధతి బదులు పద్ధతుల కుటుంబాన్నే తయారు చేశారు. ఏది ఎంచుకోవాలో తేల్చడానికి ఆయన ప్రధానంగా రెండు విషయాలు చూశారు. ఒకటి, బృందంలో ఎంతమంది ఉన్నారు? రెండు, సాఫ్ట్‌వేర్ విఫలమైతే పోయేది ఏమిటి?

రెండో ప్రశ్నకు ఆయన నాలుగు మెట్లు చెప్పారు. పోయేది సౌకర్యమా? పోయినా తట్టుకోగల డబ్బా? పోతే బతుకు ఆగిపోయే డబ్బా? లేక ప్రాణమా? మెట్టు పెరిగేకొద్దీ తనిఖీలు, రాతపూర్వక ఆధారాలు, జాగ్రత్తలు పెరగాలి.

బ్యారీ బోహమ్, రిచర్డ్ టర్నర్ 2003లో వెలువరించిన పుస్తకంలో దీన్ని ఐదు అంశాలుగా విడమర్చారు. బృందం పరిమాణం, వైఫల్యం వల్ల వచ్చే నష్టం, అవసరాలు మారే వేగం, పనిచేసేవాళ్ల నైపుణ్యం, సంస్థ సంస్కృతి. వీటిని చూశాకే ఎంత చురుగ్గా మారాలో, ఎంత కట్టుదిట్టంగా ఉండాలో తేల్చుకోవాలన్నది వారి మాట.

ప్రభుత్వ సేవలకు వచ్చేసరికి మరో తేడా ఉంది. ప్రైవేటు యాప్ నచ్చకపోతే మీరు ఇంకోదానికి మారతారు. రేషన్‌కు, పింఛనుకు, పంట నమోదుకు రెండో దుకాణం లేదు. కాబట్టి 'ముందు వదులుదాం, తర్వాత సరిచేద్దాం' అనే ధోరణికి ఇక్కడ మూల్యం చెల్లించేది పౌరుడే.

కోట మండలమే ఎందుకు?

గూడూరుకు తూర్పున, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మండలం కోట. వరి పొలాలు, రొయ్యల గుంటలు, సముద్రంలో వేటకెళ్లే మత్స్యకారుల ఊళ్లు ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. ఈ తీరంలో యానాది కుటుంబాలు ఎక్కువ. పని కోసం గుంటల దగ్గర, పొలాల దగ్గర కాపురాలు మార్చే కుటుంబాలకు చిరునామా, ఆధార్ లాంటి పత్రాలే మొదటి అడ్డంకి అవుతుంటాయి.

ఇదే మండలంలోని విద్యానగర్‌లో 1979 నుంచి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అంటే సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ చదివే విద్యార్థి, ఆ సాఫ్ట్‌వేర్ తప్పితే నష్టపోయే రైతు ఇక్కడ ఒకే మండలంలో ఉంటారు.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల సంఖ్య 26కు పెరిగినప్పుడు కోట మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఊరు కదల్లేదు, పొలం కదల్లేదు. జిల్లా పేరు మాత్రం మారింది. జిల్లా పేరును కోడ్‌లో శాశ్వతంగా రాసేసిన సాఫ్ట్‌వేర్ అయితే అలాంటి రోజున ఇబ్బంది పడుతుంది. ప్రభుత్వ సేవల్లో ఎప్పటికీ మారదు అనుకున్నది కూడా మారుతుందనడానికి ఇదే ఉదాహరణ.

ఇప్పుడు ఈ మండలంలో అందే నాలుగు సేవలను తీసుకుని, ఒక్కోదానికి పద్ధతి ఎలా మారాలో చూద్దాం.

1. ధ్రువపత్రాలు, బిల్లులు: వేగంగా మారినా ఇబ్బంది లేదు

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబర్ 2న మొదలయ్యాయి. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు ప్రారంభించారు. 95523 00009 నంబర్‌కు మెసేజ్ పెడితే సేవల జాబితా వస్తుంది. మొదటి విడతలో 161 సేవలు పెట్టి, తర్వాత విడతల వారీగా పెంచుకుంటూ వచ్చారు.

ఇలా కొన్నింటితో మొదలుపెట్టి కలుపుకుంటూ పోవడం అజైల్‌కు బాగా నప్పే పని. ఒక ధ్రువపత్రం సేవలో తప్పు దొర్లితే ఆ ఒక్క సేవను ఆపి సరిచేయొచ్చు. మిగతావి నడుస్తుంటాయి. పైగా సచివాలయానికి వెళ్లి దరఖాస్తు చేసే దారి ఎలాగూ ఉంది.

ఇక్కడ రెండు వారాల స్ప్రింట్ సరిపోతుంది. కాకపోతే ఒక మార్పు అవసరం. తెర మారిన ప్రతిసారీ సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంట్‌కు ముందే తెలియాలి. కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉన్నప్పుడు ఆమె కొత్త తెరను తొలిసారి చూడాల్సి వస్తే, బృందానికి అది చిన్న మార్పే కావచ్చు, అక్కడ నిలబడ్డవాళ్లకు మాత్రం పూట గడిచిపోతుంది.

2. పంట నమోదు: స్ప్రింట్ కన్నా సీజన్ ముఖ్యం

ఈ-క్రాప్‌లో ఏ సర్వే నంబర్‌లో, ఎవరు, ఏ పంట వేశారో నమోదు చేస్తారు. పంటల బీమా, నష్టపరిహారం, ధాన్యం కొనుగోలుకు ఇదే ఆధారం. రైతు భూమి యజమాని కావచ్చు, కౌలుదారు కావచ్చు. పేరు తప్పు పడితే డబ్బు వేరొకరికి వెళ్తుంది. కాక్‌బర్న్ చెప్పిన మెట్లలో ఇది మూడోది. పోతే బతుకు ఆగిపోయే డబ్బు.

ఇక్కడ మొదటి కొలత క్యాలెండర్. గోదావరి జిల్లాల్లో జూన్, జులైలోనే సార్వా పనులు మొదలవుతాయి. నెల్లూరు తీరంలో వానలు ప్రధానంగా అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. నారుమళ్లు, నాట్లు ఆ లెక్కన సాగుతాయి. అమరావతిలో కూర్చున్న బృందం ఆగస్టులో గోదావరి రైతులను అడిగి 'యాప్ బాగుంది' అని తేల్చేస్తే, కోట రైతు సంగతి అప్పటికి తెలిసే అవకాశమే లేదు.

అందుకే ఈ సేవకు పద్ధతిని ఇలా మలచుకోవాలి.

సీజన్‌కు ముందు: చిన్న స్ప్రింట్లు, వేగంగా మార్పులు. నేల తీరు, నీటి తీరు వేరువేరుగా ఉన్న కొన్ని గ్రామాల్లో గ్రామ వ్యవసాయ సహాయకులతో పొలం గట్టు మీదే పరీక్ష. టవర్ సిగ్నల్ లేనిచోట నమోదు నిలుస్తుందా, వానలో తడిసిన తెర మీద వేలు పనిచేస్తుందా అన్నవి ఆఫీసు గదిలో తెలియవు.

నమోదు జోరుగా సాగే వారాల్లో: కొత్త హంగులు బంద్. తప్పులు సరిదిద్దడం మాత్రమే. దీన్ని 'ఫ్రీజ్' అంటారు. స్ప్రింట్ నియమం ప్రకారం ప్రతి రెండు వారాలకూ కొత్తది వదలాలని పట్టుబడితే రైతు, సహాయకుడు ఇద్దరూ నష్టపోతారు.

నమోదు ముగిశాక: జాబితాను రైతు సేవా కేంద్రంలో ప్రదర్శించి అభ్యంతరాలు తీసుకోవడం. సాఫ్ట్‌వేర్ బృందానికి ఇదే అసలైన సమీక్ష. ఎన్ని అభ్యంతరాలు వచ్చాయి, ఏ తెర దగ్గర తప్పు పుట్టింది అన్న లెక్క వచ్చే సీజన్ పనుల జాబితాలో మొదటి వరుసలోకి రావాలి.

3. వేట నిషేధ భృతి: తేదీ జరగదు, పని తగ్గించుకోవాలి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మర పడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలు వేట లేదు కాబట్టి మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం సాయం ఇస్తుంది. 2019 నుంచి రూ.10,000గా ఉన్న ఆ సాయాన్ని 2025లో రూ.20,000 చేశారు.

ఇక్కడ తేదీ ముందే ఖాయం. సాఫ్ట్‌వేర్ పూర్తికాలేదని నిషేధం వాయిదా పడదు. డబ్బు జూన్ దాటాక వస్తే ఆ కుటుంబం అప్పటికే వడ్డీకి తెచ్చుకుని ఉంటుంది.

తేదీ కదలనప్పుడు కదలాల్సింది పని పరిమాణం. ఇందుకు 1994లో బ్రిటన్‌లో పుట్టిన డీఎస్‌డీఎం అనే పద్ధతిలో మంచి ఉపాయం ఉంది. పనులను నాలుగు బుట్టల్లో వేయాలి.

తప్పనిసరి: పడవ, మత్స్యకారుడి పేరు, బ్యాంకు ఖాతా సరిచూడటం. అనర్హుడని తేలితే కారణం చెప్పడం, తిరిగి అడిగే అవకాశం ఇవ్వడం.
ఉండాల్సినవి: దరఖాస్తు ఏ దశలో ఉందో ఫోన్‌కు తెలుగులో మెసేజ్.
ఉంటే మంచివి: అధికారుల కోసం రంగురంగుల గ్రాఫులు.
ఈసారికి వద్దు: వచ్చే ఏడాదికి వాయిదా వేసినవి.

చాలా ప్రాజెక్టుల్లో తలకిందులయ్యేది ఇక్కడే. సమీక్షా సమావేశంలో కనిపించేవి గ్రాఫులు కాబట్టి అవి ముందు తయారవుతాయి. తిరిగి అడిగే అవకాశం చివరికి మిగిలిపోతుంది. పనుల జాబితాలో ఏది ముందు అని తేల్చే మనిషి రేవులోని మాట కూడా వినాలి. మత్స్యశాఖ క్షేత్ర సిబ్బంది, మత్స్యకార సంఘం ప్రతినిధి ఆ సమీక్షలో కూర్చుంటే బుట్టలు సరిగ్గా నిండుతాయి.

4. తుపాను హెచ్చరిక: ప్రయోగాలకు చోటు లేదు

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే నెల్లూరు, తిరుపతి తీరాలు భారీ వానలు చూశాయి. ఇలాంటి సమయంలో పనిచేసే హెచ్చరికల వ్యవస్థలో పోయేది ప్రాణం. కాక్‌బర్న్ మెట్లలో చివరిది.

దీనికి రెండు వేర్వేరు పద్ధతులు కావాలి. మామూలు నెలల్లో మార్పులు నెమ్మదిగా, ప్రతిదీ రాతలో, ప్రతిదానికీ ముందస్తు పరీక్ష. ఎవరు ఏ మెసేజ్ పంపవచ్చు, ఏ ఊరికి వెళ్తుంది, రెండోసారి ఎవరు సరిచూస్తారు అన్నవి ముందే ఖాయం కావాలి. జనానికి వెళ్లే హెచ్చరిక మీద 'సగం మందికి ఇలా పంపి చూద్దాం, సగం మందికి అలా' అనే ప్రయోగాలు పనికిరావు.

తుపాను వచ్చిన రోజుల్లో స్ప్రింట్‌కు అర్థం లేదు. సమస్య అర్ధరాత్రి వస్తుంది, అర్ధరాత్రే చూడాలి. అప్పుడు కాన్‌బాన్ బోర్డు నప్పుతుంది. ఏది అత్యవసరమో అది పైకి, మిగతావి కిందికి. ఒక్కొక్కరి చేతిలో ఒకటి రెండు పనులే. ఇక యాప్‌తో పాటు ఊళ్లో మైకు, దండోరా కూడా ఉండాలి. కరెంటు, టవర్ పోయిన రాత్రి అవే మిగులుతాయి.

జరిగినవాటి నుంచి ఏం నేర్చుకోవచ్చు?

కోవిన్: 2021 మే 1న 18 నుంచి 44 ఏళ్ల వారికి టీకాలు తెరిచినప్పుడు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవడమే దారి. ఫోన్ వేగంగా వాడగలిగినవాళ్లకు స్లాట్లు దొరికాయి. మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా వెళ్లి నమోదు చేసుకునే వీలు ఇచ్చారు. అనుభవాన్ని చూసి పద్ధతి మార్చడం అజైల్ లక్షణమే. ఆ మూడు వారాల్లో క్యూలో లేనివాళ్ల గొంతు ముందే వినిపించి ఉంటే మొదటి రోజు నుంచే రెండు దారులూ ఉండేవి.

ధరణి, భూభారతి: తెలంగాణలో ధరణి పోర్టల్ 2020 అక్టోబర్ 29న ప్రారంభమైంది. నాలుగు రోజుల తర్వాత, నవంబర్ 2 నుంచి రాష్ట్రమంతటా దాని ద్వారా వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. రికార్డులో తప్పులు సరిచేసుకునే దరఖాస్తు దారులను తర్వాత ఒక్కొక్కటిగా చేర్చారు. 'టీఎం 33' అనే మాడ్యూల్ పేరు చాలామంది రైతులకు నోటికొచ్చేసింది. దాని స్థానంలో వచ్చిన భూభారతి 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైనప్పుడు ముందుగా నాలుగు మండలాలను ఎంచుకున్నారు. నారాయణపేట జిల్లా మద్దూరు, ఖమ్మం జిల్లా నేలకొండపల్లి, కామారెడ్డి జిల్లా లింగంపేట, ములుగు జిల్లా వెంకటాపూర్. అక్కడ రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. భూమి లాంటి విషయంలో నాలుగు మండలాల్లో తప్పు దొర్లితే సరిచేయడం, రాష్ట్రమంతటా దొర్లిన తప్పును సరిచేయడం కన్నా తేలిక.

హెల్త్‌కేర్ డాట్ గవ్: అమెరికాలో ఆరోగ్య బీమా కోసం 2013 అక్టోబర్ 1న తెరిచిన ప్రభుత్వ వెబ్‌సైట్ ఇది. లక్షల మంది ఒక్కసారిగా వచ్చారు. మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురే. అన్ని భాగాలనూ కలిపి, అంత రద్దీ పెట్టి ముందుగా పరీక్షించకపోవడం ప్రధాన లోపాల్లో ఒకటి. డబ్బుకు, నిపుణులకు కొదవలేని దేశంలోనూ ఒకే రోజు అందరికీ తెరిస్తే ఏమవుతుందో ఇది చూపించింది.

మలచుకోవడం అంటే కత్తిరించడం కాదు

'మా ప్రాజెక్టుకు తగ్గట్టు మార్చుకున్నాం' అనే మాట వెనుక కొన్నిసార్లు వేరే సంగతి దాగుంటుంది. సమయం లేదని పరీక్షలు తీసేస్తారు. వినేందుకు ఇబ్బందిగా ఉంటుందని, జరిగిన తప్పులను చర్చించే సమావేశం తీసేస్తారు. రోజూ పొద్దున నిలబడి మాట్లాడుకునే పదిహేను నిమిషాలు మాత్రం మిగులుతాయి. దానికే అజైల్ అని పేరు పెడతారు.

స్క్రమ్ గైడ్‌ను రాసిన కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ కూడా ఇందుకే గట్టిగా హెచ్చరించారు. మూలాంశాలను వదిలేస్తే సమస్యలు పోవు, కనిపించకుండా పోతాయన్నది 2020 నాటి గైడ్ చెప్పే మాట. ఆ గైడ్ ప్రకారం మార్పులు చేయకూడదనేవాళ్లకూ, ప్రతి ప్రాజెక్టుకూ మార్చుకోవాలనేవాళ్లకూ మధ్య వాదన ఇప్పటికీ ఉంది. ప్రభుత్వ సేవల వరకు ఒక గీత గీసుకోవచ్చు.

మారవచ్చు: స్ప్రింట్ ఎన్ని రోజులు, సమావేశాలు ఎన్ని, తెర ఎలా ఉండాలి, ఏ సేవ ముందు, ఏ ఊళ్లో మొదటి పరీక్ష.

మారకూడదు: భద్రతా తనిఖీ, పౌరుల వివరాల గోప్యత, వేలిముద్ర పడకపోతే వేరే దారి, తిరస్కరిస్తే కారణం, అప్పీలు, ఎవరు ఎప్పుడు రికార్డు మార్చారో చెప్పే జాడ. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం దృష్ట్యా గోప్యతను 'తర్వాతి స్ప్రింట్'కు వాయిదా వేసుకునే వీల్లేదు.

టెండరు దగ్గర చిక్కు

ప్రభుత్వంలో అజైల్ కుదరదనేవాళ్లు చెప్పే మొదటి కారణం టెండరు. ఏం కావాలో మొత్తం ముందే రాయాలి, దానికి ధర రావాలి, రాసినవన్నీ అందితేనే బిల్లు. మధ్యలో మారిస్తే ఆడిట్ అడుగుతుంది. ఆ ప్రశ్న అక్రమమేమీ కాదు. అది ప్రజల డబ్బు.

పరిష్కారం టెండరును ఎత్తేయడం కాదు, దాన్ని వేరుగా రాయడం. 'ఇన్ని తెరలు, ఇన్ని రిపోర్టులు' అని రాసే బదులు 'సిగ్నల్ లేనిచోట నమోదు చేసిన పంట, సిగ్నల్ వచ్చాక దానంతటదే చేరాలి' అని ఫలితాన్ని రాయొచ్చు. చెల్లింపును చిన్న విడతలుగా పెట్టి, ప్రతి విడతకూ ఒక ఊళ్లో పనిచేసి చూపించాలని షరతు పెట్టొచ్చు. మార్పుల కోసం కొంత మొత్తాన్ని ముందే విడిగా ఉంచి, దాన్ని ఎందుకు ఖర్చు పెట్టారో నమోదు చేయొచ్చు. అప్పుడు ఆడిట్‌కూ ఆధారం ఉంటుంది, బృందానికీ కదలడానికి చోటు ఉంటుంది.

మీరేం చేయవచ్చు?

అజైల్‌లో వాడేవాళ్ల మాటే ఇంధనం. మీ ఫిర్యాదు సరైన రూపంలో చేరితే అది పనుల జాబితాలోకి వెళ్తుంది. 'యాప్ పనిచేయడం లేదు' అంటే బృందానికి ఏమీ తెలియదు.

తప్పు వచ్చిన తెరను స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ, సమయం, దరఖాస్తు నంబర్, ఫోన్ మోడల్, ఏ నెట్‌వర్క్, ఏ ఊరు అన్నవి కలిపి పంపండి. ఆధార్ నంబర్, ఓటీపీ ఎవరికీ పంపొద్దు. స్క్రీన్‌షాట్‌ను సోషల్ మీడియాలో పెట్టేముందు వ్యక్తిగత వివరాలు చెరిపేయండి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. 1100 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. అర్జీ నంబర్ తప్పకుండా తీసుకోండి. 'పరిష్కరించాం' అని మూసేసినా సమస్య అలాగే ఉంటే మళ్లీ తెరవమని అడగండి.

మీరు ఊరికి దూరంగా నగరంలో ఉండి, అమ్మానాన్నల పొలం కౌలుకో సొంతానికో సాగవుతుంటే, నమోదు గడువు ముగిశాక కాదు, జాబితా ప్రదర్శించిన రోజుల్లోనే పేరు, సర్వే నంబర్, విస్తీర్ణం, పంట సరిచూడమని చెప్పండి. ఆ కొద్ది రోజులు దాటితే సాఫ్ట్‌వేర్ సరైనా రికార్డు సరికాదు.

కొత్త సేవ మొదలైనప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ముందుగా ఎక్కడ పరీక్షించారు? నెట్ లేకపోతే దారేది? తిరస్కరిస్తే ఎవరిని అడగాలి? తప్పు రికార్డును ఎన్ని రోజుల్లో సరిచేస్తారు? సమాధానం దొరకకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

మీరు సాఫ్ట్‌వేర్ రంగంలోనే ఉంటే మీ పని ఇంకొంచెం ఎక్కువ. మీ బృందం తదుపరి స్ప్రింట్ మొదలుపెట్టేముందు బోర్డు మీదున్న ప్రతి పని పక్కన ఒక్క మాట రాయండి: ఇది తప్పితే ఎవరికి, ఏం పోతుంది? ధ్రువపత్రం ఒకరోజు ఆలస్యమా, ఒక సీజన్ పంట డబ్బా, నిషేధం రోజుల్లో ఒక ఇంటి బియ్యమా, తుపాను రాత్రి ఒక ప్రాణమా. ఆ జవాబును బట్టే స్ప్రింట్ ఎంత, పరీక్ష ఎంత, ఎక్కడ ఆగాలి అన్నది తేలుతుంది.